సంతకానికి ముందు తూకం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడం ఫోన్ చేసినప్పుడు నాకు మొదట సంతోషం, వెంటనే భయం కలిగాయి. కవిత రాయడం నాకు చేతకాదు. గొప్ప విజయం సాధించి వచ్చి చెప్పే స్థితిలోనూ లేను. ఎం.కాం. చివరి సెమిస్టర్‌లో ఉన్నాను, ఇంకా ఉద్యోగం రాలేదు. అయితే ఈ ఏడాదిన్నరలో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఉంది. అది మన హాస్టల్‌లో నేర్చుకున్న ఒక చిన్న పాఠంతో ముడిపడినది కాబట్టి రాస్తున్నాను. చదివే చెల్లెళ్లలో ఒక్కరికి అక్కరకొచ్చినా చాలు.

నేను ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చాను. చేతిలో ఒక రేకుపెట్టె, రెండు జతల బట్టలు, ఒక పళ్లెం, గ్లాసు. తొమ్మిదో తరగతికి వచ్చాక నన్ను మెస్ కమిటీలో వేశారు. నాకది పెద్ద పదవిలాగే అనిపించింది. సరుకుల ఆటో వచ్చిన రోజు మేడం మమ్మల్ని స్టోర్ రూమ్ ముందు నిలబెట్టి, బిల్లులో ఉన్నదాన్ని గట్టిగా చదవమనేవారు. ఒకరు చదవాలి, ఒకరు కాటా మీద పెట్టాలి, ఒకరు రిజిస్టర్‌లో రాయాలి. ఒకసారి కందిపప్పు బస్తా బిల్లులో 30 కిలోలు. కాటా మీద 26 కిలోల చిల్లర. తెచ్చినాయన నవ్వి, "చిన్నపిల్లలకు తూకమేం తెలుసు మేడం, సంతకం పెట్టియ్యండి" అన్నాడు. మేడం పెట్టలేదు. "సంతకం పెట్టినంక పప్పు తక్కువైందని ఏడిస్తే ఎవరు వింటారు? ముందు తూకం, తర్వాత సంతకం" అన్నారు మా వైపు చూసి. ఆ రోజు మిగతా పప్పు వచ్చేదాకా ఆటో అక్కడే ఉంది.

ఆ మాట నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను. ఎనిమిదేళ్ల తర్వాత, అసలు అవసరమైన రోజున, మరిచిపోయాను.

2024 ఆగస్టు 11న, ఆదివారం, హైదరాబాదు శివార్లలో పూత పని చేస్తూ మా నాయిన పరంజా మీదనుంచి పడ్డాడు. కుడి తొడ ఎముక విరిగింది. మేస్త్రి దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అమ్మా, నేనూ బస్సు దిగి చేరేసరికి రాత్రి పది దాటింది, అడ్మిషన్ రాస్తున్నారు. ఆరోగ్యశ్రీ అని అడిగాను. ఇక్కడ లేదన్నారు. గాంధీకో, ఉస్మానియాకో తీసుకుపోదామా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. నాయిన నొప్పితో అరుస్తుంటే దాన్ని మింగేశాను. 104కు ఒక్క ఫోన్ చేసి, దగ్గర్లో ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రి ఏదని అడగాలని కూడా తోచలేదు. అప్పటికే ఆ పథకం పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మాకు తెల్లకార్డు ఉంది. కార్డు ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది, మేము ఇక్కడ ఉన్నాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ డాక్టరు చేతి చలవను ఈరోజుకీ నేను తక్కువ చేయను. 17న ఉదయం డిశ్చార్జ్ అన్నారు. ఒక్క కాగితం చేతికిచ్చారు. గది, ఆపరేషన్, మందులు, రాడ్డు, పరీక్షలు అని ఐదు వరుసలు. కింద మొత్తం 1,96,400 రూపాయలు.

అప్పటికి 40,000 కట్టాం. అందులో 25,000 అమ్మ మహిళా సంఘంలో తెచ్చిన అప్పు, 15,000 మేస్త్రి ఇచ్చి కూలిలో పట్టుకుంటానన్నది. అమ్మ కమ్మలు కుదువపెట్టి, మేనమామ దగ్గర చేబదులు తెచ్చి ఇంకో 36,400 తెచ్చాం. లక్షా ఇరవై వేలు మిగిలింది. అప్పుడు బిల్లు కౌంటర్ పక్కనే కూర్చున్న ఒక అబ్బాయి పిలిచాడు. ఫైనాన్స్ కంపెనీ మనిషి. "వడ్డీ లేదక్కా, నెలకు పదివేలు, పన్నెండు నెలలు, ఐదు నిమిషాల పని" అన్నాడు. నాయిన పేరు మీద కుదరదన్నాడు, నా పేరు మీద చేస్తానన్నాడు. నేను విద్యార్థినని చెప్పాను. "అట్ల రాస్తే రిజెక్ట్ అయితది" అంటూ ఫోన్‌లో ఏదో నింపాడు. తెలిసిన వాళ్ల నంబర్లు రెండు అడిగితే మన హాస్టల్ స్నేహితురాలిదొకటి, మేనమామదొకటి ఇచ్చాను. ఓటీపీ వచ్చింది, చెప్పాను. డబ్బు నేరుగా ఆసుపత్రికి పోయింది. మేము ఆటో ఎక్కాం.

కాటా లేదు, రిజిస్టర్ లేదు. నా సంతకం మాత్రం పడిపోయింది.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు వాయిదాలు కట్టాం. అమ్మ పత్తి ఏరిన కూలి, మేనమామ సాయం, నాకొచ్చిన స్కాలర్‌షిప్ అన్నీ అందులోనే పోయాయి. నాయిన మంచం మీదే ఉన్నాడు. ఆయనకు భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంది. ఏమైనా సాయం వస్తుందేమోనని డిసెంబరులో లేబర్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి నా ఐదు వరుసల కాగితం చూసి, "ఇది బిల్లు కాదమ్మా, మొత్తం మాత్రమే. ఐటెంల వారీ బిల్లు తే" అన్నారు.

ఆ మాట వినగానే స్టోర్ రూమ్, కాటా, పప్పు బస్తా అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాను. ఒకసారి సిస్టం పనిచేయడం లేదన్నారు, ఒకసారి అకౌంట్స్ సార్ లేరన్నారు, ఒకసారి డిశ్చార్జ్ అయ్యాక ఇవ్వరన్నారు. యూనివర్సిటీ లైబ్రరీలో వెతికితే 2002 నాటి వైద్యమండలి వృత్తి నియమావళి దొరికింది. రోగిగానీ, వారి తరఫు వారుగానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. నాయిన వేలిముద్రతో ఒక దరఖాస్తు రాసి, ఆ నియమం పేర్కొని, రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయమన్నాను. హాస్టల్‌లో సెలవు చీటీకి కూడా కాపీ పెట్టుకోమనేవారు కదా, ఆ అలవాటే. జనవరి చివరి వారంలో తొమ్మిది పేజీల బిల్లు, కేస్ షీట్ జిరాక్సు చేతికొచ్చాయి.

ఆ రాత్రి హాస్టల్ గదిలో నేలమీద పరుచుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టాను. ఒకటి చదవడం, ఇంకొకటి తూచడం.

నాయిన చేరింది 11 రాత్రి, వచ్చింది 17 ఉదయం. తేదీల చొప్పున లెక్కేసినా ఏడు రోజులు. బిల్లులో ఎనిమిది. ఒకరోజు గది అద్దె 2,500 ఎక్కువ. ఐసీయూ ఒకరోజు అని 9,000 ఉంది. కేస్ షీట్‌లో ప్రతి రాత్రీ నర్సు రాసింది జనరల్ వార్డు అనే. నేనూ ఆ వార్డులోనే మంచం కింద పడుకున్నాను. తొడలో వేసిన రాడ్డు, స్క్రూలకు బిల్లు 62,000. కేస్ షీట్‌లో అంటించిన స్టిక్కర్ల మీద ఉన్న ఎమ్మార్పీలు కూడితే 38,500. అంటే 23,500 ఎక్కువ. ఎమ్మార్పీకి మించి తీసుకోకూడదన్నది కిరాణా కొట్టుకైనా, ఆసుపత్రికైనా ఒకటే. డాక్టరు చూసినట్టు రాతలు ఏడు, బిల్లులో పద్నాలుగు, తేడా 5,600. వాడకుండా వాపసు ఇచ్చిన ఇంజెక్షన్లకు రసీదు అమ్మ కొంగుముడిలో భద్రంగా ఉంది. ఆ 4,120 తగ్గించనే లేదు. మొత్తం 44,720.

చేతి తొడుగులు 84 జతలు అని కూడా ఉంది. నాకు అనుమానమే. కానీ రుజువు లేదు. అందుకే దాన్ని వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టాను. రుజువు ఉన్నదీ, అనుమానం ఉన్నదీ కలిపి అడిగితే రెండూ పోతాయని నాకనిపించింది.

ఈలోగా జనవరి వాయిదా తప్పింది. ఫిబ్రవరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున ఆరున్నరకు ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. మొదట మేడం అన్నారు, తర్వాత నువ్వు అన్నారు, ఆ తర్వాత అన్న మాటలు ఈ సంచికలో రాయలేను. నా స్నేహితురాలికి ఫోన్ చేసి, "మీ ఫ్రెండు మోసం చేసింది" అన్నారు. ఒకరోజు ఇద్దరు బండి మీద మా ఊరికి వచ్చి, రచ్చకట్ట దగ్గర నిలబడి అందరికీ వినబడేలా మా ఇల్లెక్కడని అడిగారు. ఇల్లు దొరకక కాదు. ఊరు వినాలని.

ఆ సాయంత్రం నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, ముప్పై గుంటలు పెట్టుకోని ఏం జేస్తం? కుదువవెట్టి కట్టేద్దాం. అప్పు ఎగ్గొట్టినోళ్లని మనల్ని ఇంతవరకు ఎవ్వలు అనలే" అన్నాడు. మా తాత నుంచి వచ్చిన భూమి అదొక్కటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలో ఇంకో భయం కూడా ఉంది, ఇంట్లో చెప్పనిది. లోన్ కాగితాలు మెయిల్‌లో తెరిచి చూస్తే, నేను ప్రైవేటు ఉద్యోగిననీ, నెలకు 18,000 జీతమనీ రాసి ఉంది. ఆ అబద్ధం నేను చెప్పలేదు. కానీ దాని కింద నా ఓటీపీ ఉంది. కేసు పెడతారా, నా చదువు ఏమవుతుంది, రేపు ఉద్యోగానికి పోతే ఇది అడ్డం వస్తుందా అని ఒకటే గుబులు.

మన హాస్టల్‌లో నాకంటే ఆరేళ్లు పెద్ద అక్క ఒకరు ఇప్పుడు జిల్లా కోర్టులో జూనియర్ అడ్వకేటు. పేరు రాయొద్దన్నారు, రాయను. ఫోన్ చేసి ఏడిస్తే, "ఏడుపు తర్వాత ఏడ్వు చెల్లె, ముందు కాయితాలన్నీ పట్టుకోని రా" అన్నారు. అన్నీ చూసి నాలుగు మాటలు చెప్పారు. అవి మీ కోసం రాస్తున్నాను.

మొదటిది, ఫోన్‌లో వాదించకు, రాసి పంపు. రాసినదానికే విలువ.

రెండోది, బాకీ కట్టలేకపోవడం ఒక్కటే జైలుకు పంపే నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. వచ్చినవాడు పోలీసు కాదు. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదనీ, నలుగురిలో అవమానించడం, ఇంటివాళ్లనూ స్నేహితులనూ వేధించడం చేయకూడదనీ రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న సర్క్యులర్ ఇచ్చింది. ఏజెంటు తప్పుకు కంపెనీదే బాధ్యత.

మూడోది, కంపెనీలో ఫిర్యాదుల అధికారికి ముందు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 14448 నంబరులో వివరం అడగొచ్చు.

నాలుగోది, ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే నిలబడి చెప్పుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి.

జీతం సంగతి కూడా అక్కకు చెప్పాను. "దాచకు. ఎవరు నింపిండ్రో, నువ్వేం జెప్పినవో ఉన్నదున్నట్టు నువ్వే ముందు రాయి" అన్నారు. అదే రాశాను. చేయి వణికింది గానీ, రాశాక బరువు దిగినట్టైంది.

2025 మార్చి 3న రెండు ఉత్తరాలు స్పీడ్ పోస్టులో పంపాను. ఆసుపత్రికి పంపినదానిలో ఐదు తప్పులు, ప్రతిదానికీ బిల్లు పేజీ నంబరు, కేస్ షీట్ పేజీ నంబరు. కంపెనీకి పంపినదానిలో బిల్లు వివాదం, ఫోన్లు వచ్చిన తేదీలు, టైములు, ఊళ్లో జరిగింది. చివర ఒక వాక్యం: "మేము నిజంగా బాకీ ఉన్నది కట్టడానికి సిద్ధం, బాకీ లేనిది కట్టం."

ఆ వాక్యం నాయినకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కట్టమని కాదు గదా రాసినవ్?" అన్నాడు. "కాదు నాయినా, లెక్క సూసి కడ్తమని రాసిన" అన్నాను. "అట్లైతే సరే. భూమి ముచ్చట మళ్ల మాట్లాడుదాం" అన్నాడు. ఆ మాట నాకు వంద ధైర్యాలు.

30 రోజులు గడిచాయి. కంపెనీ నుంచి ఒక ముక్తసరి జవాబు, బాకీ కట్టండి అని. ఏప్రిల్‌లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేశాను. ఆసుపత్రి జవాబే ఇవ్వలేదు. వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వబోయే ఫిర్యాదు ప్రతిని అక్క సాయంతో తయారుచేసి, పదిహేను రోజుల గడువుతో వాళ్లకు పంపాను. అప్పుడు ఫోన్ వచ్చింది, కూర్చుని మాట్లాడుకుందామని.

నేనూ అమ్మా వెళ్లాం. ఏసీ గది, పెద్ద బల్ల. అక్కడున్న సార్, "మీరు పేదవాళ్లు కాబట్టి మానవత్వంతో 20,000 డిస్కౌంట్ ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. కాగితం మీద ఇక మాకే ఫిర్యాదూ లేదని టైపు చేసి ఉంది. నిజం చెప్తున్నా, 20,000 అనగానే నా మనసు ఊగింది. అమ్మ నా చేయి పట్టుకుని, చదువురాని మనిషి, మెల్లగా ఒక్క మాట అడిగింది: "గా కాయితంల ఏమున్నదో ముందు మొత్తం సదువు బిడ్డా." చదివాను. పెన్ను బల్ల మీద పెట్టేసి, "సార్, మాకు డిస్కౌంట్ వద్దు. బిల్లు సరిచేసి ఇవ్వండి" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

రెండు గంటలు పేజీ పేజీ తిప్పాం. గది, ఐసీయూ, రాడ్డు, వాపసు మందులు నాలుగూ ఒప్పుకున్నారు. డాక్టరు సాయంత్రం పూట వచ్చినా రాయలేదంటూ ఆ 5,600 మాత్రం ఒప్పుకోలేదు. దాని కోసం ఇంకో ఏడాది తిరగాలా అని అక్కను అడిగి, వదిలేశాను. మొత్తం 39,120 తగ్గిస్తూ కొత్త బిల్లు ఇచ్చి, ఆ సొమ్ము మేలో ఫైనాన్స్ కంపెనీకే పంపారు. అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తర్వాత కంపెనీ కూడా దిగివచ్చింది. ఆలస్యం పేరిట వేసిన 7,200 రద్దు చేసి, మిగిలిన 50,880 రూపాయలను నెలకు 5,088 చొప్పున పది వాయిదాలు చేసింది. ఏజెంట్ల ఫోన్లు ఆగాయి. "సెటిల్డ్ అని కాదు, క్లోజ్డ్ అని లెటరు ఇస్తమని రాయించుకో, లేకుంటే సిబిల్ రికార్డుల మచ్చ ఉంటది" అని అక్క హెచ్చరిస్తే అదీ రాయించుకున్నాను. వాయిదాలు తప్పిన నెలలు మాత్రం ఆ రికార్డులో అలాగే ఉన్నాయి. అది నా తొందరపాటుకు పడిన జరిమానా అనుకుంటాను.

ఇది రాసే నాటికి ఇంకా రెండు వాయిదాలు ఉన్నాయి. ట్యూషన్లు చెప్పి నేనే కడుతున్నాను. నాయిన కర్ర సాయంతో నడుస్తున్నాడు, పరంజా మాత్రం ఎక్కడం లేదు. ముప్పై గుంటలూ మాకే ఉన్నాయి. మొన్న అందులో కందులు కొట్టాం.

గెలిచామని నేను చెప్పుకోను. లక్షా యాభై ఏడు వేల పైచిలుకు మేము పెట్టిందే, ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రికి వెళ్లి ఉంటే అందులో చాలా భాగం మిగిలేది. ఆ రచ్చకట్ట దగ్గర అమ్మ తల దించుకున్న రోజును ఎవరూ వాపసు ఇవ్వలేరు. కానీ ఒకటి మారింది. ఇప్పుడు మా వాడలో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా అమ్మ, "మా బిడ్డకు సూపియ్యుండ్రి, సంతకం తర్వాత" అంటోంది. ఆసుపత్రికి పోయేవాళ్లకు రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు ఒక కవరులో పెట్టి ఇస్తోంది.

చెల్లెళ్లూ, మన ఇళ్లల్లో మొదట చదువుకున్నది మనమే. అందుకే ఇంటికి వచ్చే ప్రతి కాగితం మన చేతికే వస్తుంది. మనకూ అన్నీ తెలియవు, అయినా అడిగేది మననే. తెలియకపోతే తెలియదని చెప్పండి, ఒక రోజు గడువు అడగండి, హాస్టల్ అక్కలకు ఫోన్ చేయండి. బిల్లు మొత్తం కాదు, వరుస వరుస అడగండి. ఓటీపీ కూడా సంతకమేనని మరవకండి. మెస్ కమిటీలో మీ పేరు వేస్తే విసుక్కోకండి. ఆ కాటా దగ్గర నిలబడటం కూడా చదువే.

ఈసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు స్టోర్ రూమ్ చూడాలని ఉంది. ఆ పాత కాటా ఇంకా ఉందా మేడం?